ఊరికే ఉన్న రెండు గ్రాముల రాయి

బంగారుపాళ్యం దగ్గర ఒక ప్రభుత్వ బడిలో ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాను. పోయిన ఏడాది అరవైమంది పిల్లల్ని తిరుపతిలో పాత సైన్సు పరికరాల ప్రదర్శనకు తీసుకెళ్లాను. బస్సులో ముగ్గురు వాంతులు చేసుకున్నారు. లోపలికి వెళ్లేసరికే నా ఓపిక అయిపోయింది.

అద్దాల బీరువాలో ఒక ఇత్తడి త్రాసు, పక్కనే తూకం రాళ్ల పెట్టె ఉన్నాయి. "వీటిని ఇప్పుడు యాడా వాడడం లేదు. అందుకే ఈడ పెట్టినాం" అన్నాడు గైడు.

మా తొమ్మిదో తరగతి రెడ్డెమ్మ చెయ్యెత్తింది.

"మేం వాడతాం సార్. మా బళ్లో ఇట్లాంటిదే ఉండాది. రెండు గ్రాముల రాయి మాత్రం పోయింది. మీది ఊరికే ఉండాది గదా, మాకిస్తారా?"

పక్క బడి పిల్లలు నవ్వారు. వాళ్ల టీచరు నా వైపు చూసింది. నేను తల దించుకుని, పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆ రాయి కోసం పై ఆఫీసుకు అర్జీలు పెట్టి పెట్టి, విసిగి, మానేసి నాలుగేళ్లయింది.

సోమవారం మా త్రాసు బయటికి తీస్తే పిల్లలంతా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఆడ ముట్టుకోవద్దన్నారు గదా టీచర్" అంది రెడ్డెమ్మ.

"ముట్టుకోండి. మనది ఇంకా మ్యూజియానికి పోలేదులే" అన్నాను.

ఆ సాయంత్రం రాయి కోసం మళ్లీ అర్జీ రాశాను.