అమ్మ కలిపిన వైను

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో మా రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఆడపిల్ల డిగ్రీ అయ్యాక బీఎడ్ చేస్తుందా, బ్యాంకు పరీక్షలు రాస్తుందా అని మాత్రమే అడిగేవారు. మైక్రోబయాలజీ చదివిన నేను ఆరంగ్ దారిలో ఒక ద్రాక్షతోటలో వైను తయారీకి చేరానంటే ఏం చెప్పాలో అమ్మకు తెలియలేదు. “మందులు కొట్టని తోటంట, వేపపిండీ పేడా తప్ప ఏటీ వెయ్యరంట” అని పక్కింటివాళ్లకు సగమే చెప్పేది. (మిగతా సగం అడిగితే పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లిపోయేది.) నాతో మాత్రం ఖచ్చితంగా చెప్పింది: “ఓపాలి వచ్చి చూస్తాను. నచ్చలేదో, మానీసి బీఎడ్‌లో చేరాలి.”

ఆ తోట ఒక భార్యాభర్తలది. ఆయన్ని కాకా అనీ, ఆవిడని కాకీ అనీ, అక్కడి వరసలో బాబాయీ పిన్నీ అన్నట్టు, పిలిచేదాన్ని. మొదటిసారిగా బుడగల వైను చేస్తున్నారు. సీసాలో వైనుతోపాటు కాస్త పంచదార, ఈస్టు వేసి మూత బిగిస్తే అందులోనే మళ్లీ పులిసి బుడగలు పుడతాయి. పని అయిపోయిన ఈస్టు పిండిలా అడుగుకు చేరుతుంది. దాన్ని మూతి దగ్గరికి దించాలంటే సీసాలను చిల్లుల బల్లకు తలకిందులుగా గుచ్చి, రోజూ చేత్తో కొంచెం కొంచెం తిప్పాలి. ఆ తిప్పడమే నా ఉద్యోగం. అసలే కంగారు మనిషిని కదా, పిండి దిగిందో లేదోనని సీసా తీసి దీపానికి అడ్డం పెట్టి చూడబోతే కాకీ చెయ్యి పట్టుకునేది. “ఛోడ్ దే బిటియా, సోనే దే.” వదిలెయ్యి తల్లీ, పడుకోనీ అని. కదిపితే పిండి మళ్లీ వైనులో కలిసిపోతుంది మరి.

తీరా పిండంతా మూతుల్లోకి దిగి, మర్నాడు తీసేద్దామనుకున్న రోజే అమ్మ పులిహోర డబ్బాతో తనిఖీకి దిగింది. తోట చూసింది, కాకీతో వచ్చీరాని హిందీలో మాట్లాడింది, మొహం కాస్త విచ్చుకుంది. హమ్మయ్య అనుకుని, తడిగోనెలు కట్టిన చల్లటి గదిలో అమ్మని కూర్చోబెట్టి టీ తేవడానికి వెళ్లాను. తిరిగొస్తుంటే లోపల్నుంచి ‘ఠప్’మని చప్పుడు, వెంటనే అమ్మ కేక.

పరుగెత్తి చూద్దును కదా, అమ్మ కళ్లజోడు మీంచి నురగ కారుతోంది, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో గోడ మేకుకుండే ఓపెనరు. వెనక బల్ల ఖాళీ. సీసాలన్నీ నేలమీద బుద్ధిగా నిటారుగా నిలబడి, లోపల తెల్లగా మసకేసి ఉన్నాయి.

“ఏటి చేశావమ్మా!”

“నానేటి చేశానే! పిండంతా మూతికాడ పేరుకుపోనాది. ఆవకాయ మూడోనాడు కలపకపోతే ఏటవుద్ది? అన్నీ తీసి బాగా కుదిపి పెట్టాను. వాసన చూద్దామని ఒక్కటి ఇప్పితే మీద పడిపోనాది!”

నాకు ఏడుపొచ్చింది. సీసాల సంగతి సరే, నా ఉద్యోగం అమ్మ తీసేస్తుందా, కాకీ తీసేస్తుందా అన్నదే తేలాలి. కేక విని వచ్చిన కాకీ గుమ్మంలోంచే ఆ మసక సీసాలను చూసింది. తర్వాత కొంగుతో అమ్మ మొహం తుడిచింది. “చోట్ తో నహీ లగీ, దీదీ?” దెబ్బ తగల్లేదు కదా అక్కా అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. “మళ్లీ పడుకోబెడదాం, అంతేగా” అంది హిందీలో. అమ్మ సిగ్గుతో తల దించుకుని, పెదవి మీది నురగ చప్పరించి, “పుల్లగుంది... పర్లేదు” అని గొణిగింది. బీఎడ్ ఊసు మరి రాలేదు. పైగా ఆదివారాలు నాతో బస్సెక్కి వచ్చి, ఊపిరి బిగబట్టి సీసాలు తిప్పేది. చివరికి వైను తేటపడినప్పుడు గ్లాసు ఎత్తి చూసి, “గోలీసోడా కంటే బుడగలు సన్నంగున్నాయే” అంది, తనే కన్నట్టు.

ఇది రాస్తుంటే పక్కన మా పాప నిద్రపోతోంది. ఇందాక మరీ కదలకుండా ఉందని ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలక అరికాలు గీరబోయాను. పక్క మంచం మీంచి అమ్మ కళ్లు తెరవకుండానే అంది: “కదపకే. సోనే దే.”

ఎవరు చెబుతున్నారో చూడండి! కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పాప తనంతట తనే నిట్టూర్చి, అటు తిరిగి పడుకుంది.