ఆయన ఒక్కరే వినని పాట

మా అమ్మాయి పెళ్ళికి ముందు, మయూర్ విహార్ ఫ్లాట్‌లో మా ముందుగది సోఫాలన్నీ గోడకు జరిపేశారు. సంగీత్ రోజు పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ అందరి ముందు కలిసి డాన్సు చెయ్యాలట. మా వైపు ఇలాంటివి లేవు. అబ్బాయి వాళ్ళది డెహ్రాడూన్, సైన్యంలో కెప్టెన్. వాళ్ళింట్లో ఆ డాన్సు లేకపోతే పెళ్ళి జరిగినట్టే కాదు. సరే, ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉండి నేను మాత్రం దేనికి అడ్డు చెప్పాను గనక. డాన్సు నేర్పడానికి ఒక పిల్ల వచ్చింది. నా వయసులో సగం ఉండదు, అందరూ దీదీ అంటున్నారు.

నేనో మూల కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. అమ్మాయి తను ఎంచుకున్న పాట పెట్టింది. ఏదో హిందీ పాట, వేణువుతో నెమ్మదిగా మొదలైంది. నేనెప్పుడూ విన్నట్టు లేదు.

"బాగుందే" అన్నాను. నిజంగానే బాగుంది.

ఇంతలో వేణువు ఆగి, ఒక ఆడగొంతు పైకి లేచింది. నా చేతిలో చాకు ఆగిపోయింది. ఆ పాటలో ఆ ముక్క నాకు తెలుసు. ఆ ముక్క ఒక్కటే తెలుసు. ఒకప్పుడు మా ఆయన నంబరుకి ఫోన్ చేస్తే ట్రింగ్ ట్రింగ్ బదులు అదే వినిపించేది.

అప్పట్లో మా ఆయన సరిహద్దులో ఉండేవారు. అక్కడికి కుటుంబాలను రానివ్వరు కాబట్టి నేనూ, మూడో క్లాసు చదివే అమ్మాయీ ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఫోన్‌లో ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే ఆ కాలర్ ట్యూన్ పడింది. తీయించడం చేతకాక వదిలేశారు. ఆయనకేం, ఎవరి కాలర్ ట్యూన్ వాళ్ళకి వినపడదు. చేసేవాళ్ళే వినాలి.

సాయంత్రం చపాతీలు చేస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంటగట్టు మీద ఉంచేదాన్ని. పాట మధ్యలో తెగిందంటే ఆయన ఎత్తినట్టు. హలో అనడం ఆయనకు అలవాటు లేదు. "ఆఁ, చెప్పు" అనేవారు. "ఏం లేదు, ఊరికే చేశాను" అనేదాన్ని. నిజంగానే చెప్పడానికేమీ ఉండేది కాదు. ఆ గొంతు వినపడితే తర్వాతి చపాతీ గుండ్రంగా వచ్చేది, అంతే.

ఎత్తకపోతే పాట మళ్ళీ ఆ ముక్క మొదటికే వచ్చేది. చివరికి ఒకావిడ గొంతు, మీరు కాల్ చేస్తున్న వ్యక్తి సమాధానం ఇవ్వడం లేదని మహా మర్యాదగా చెప్పేది. ఆవిడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

ఒక చలికాలం ఆయన ఫోన్ ఎత్తడం ఆగిపోయింది. ఆయన ఉన్న వైపే కాల్పులని టీవీలో చెబుతున్నారు. నేను చేస్తూనే ఉన్నాను, పాట వస్తూనే ఉంది. కంటోన్మెంట్‌లో చెడు కబురు ఫోన్‌లో రాదు, జీపులో వస్తుంది. జీపు చప్పుడైతే చాలు, బ్లాకులో ఆడవాళ్ళమంతా బాల్కనీల్లోకి వచ్చేవాళ్ళం. అది ఎవరి మెట్ల దగ్గర ఆగుతుందో చూడాలి కదా. ఒకరోజు పక్క మెట్ల దగ్గర ఆగింది. ఆ ఇంటావిడ నా దగ్గర ఇడ్లీ పిండి రుబ్బడం నేర్చుకున్న మనిషి.

మా ఆయన వచ్చారు. సగానికి సగం చిక్కిపోయినా, వచ్చారు. తర్వాత నంబరు మారింది, దాంతో పాటా పోయింది. నేను బతికిపోయాననుకున్నాను.

ఇప్పుడు అదే పాటకి నా కూతురు ఒక సైనికుడి భుజం మీద చెయ్యి వేసి తిరుగుతుందట. పెళ్ళయిన నెలకే అబ్బాయికి సరిహద్దు పోస్టింగ్. శకునాలూ గికునాలూ నమ్మనని అందరికీ చెప్పుకు తిరిగేదాన్ని, ఆ రోజు మాత్రం చాకు పక్కన పెట్టి లేచి, పాట ఆపేశాను.

"ఇది వద్దు, ఏడుపు పాటలా ఉంది" అన్నాను.

"నహీ ఆంటీజీ, బహుత్ రొమాంటిక్ హై" అంది దీదీ.

రొమాంటికట, నా మొహం. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "బానే ఉంది కదే, కొత్త పాటా?" అన్నారు. మా ముగ్గురిలో ఆ పాట వినంది ఆయన ఒక్కరే.

తర్వాత నాకు తెలిసిన తెలుగు పాటలన్నీ ఏకరువు పెట్టాను. దేనికీ ఊ అనలేదు మా అమ్మాయి. చివరికి వంటింట్లోకి వచ్చి, గట్టుకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, డాడీ కాలర్ ట్యూన్ అనేగా వద్దంటున్నావ్?"

"నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? నువ్వు స్పీకర్‌లో పెట్టేదానివి. నేను హోంవర్క్ చేస్తున్నట్టు కూర్చుని అదే వినేదాన్ని."

"మరి తెలిసి తెలిసి అదే పెట్టుకుంటావా? ఆ పాట వింటూ నేనెంత ఏడ్చానో తెలుసా?"

"నువ్వెందుకు ఏడుస్తున్నావో నాకర్థమయ్యేది కాదమ్మా. పాట వస్తోందంటే డాడీ ఫోన్ ఆన్‌లో ఉన్నట్టే కదా. ఫోన్ ఉంటే డాడీ ఉన్నట్టే. స్విచ్ ఆఫ్ అని వస్తేనే ముఝే డర్ లగ్తా థా, భయమేసేది. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నేనే చేసేదాన్ని. పాట రాగానే పెట్టేసి హాయిగా స్కూలుకెళ్ళిపోయేదాన్ని."

కూతురు నా పక్కనే కూర్చుని అదే పాటతో ధైర్యం తెచ్చుకుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. కానీ దానికి తెలియనిది ఒకటుంది. పని మీద ముందుకి వెళ్ళేటప్పుడు ఫోన్లు క్యాంపులోనే వదిలి వెళ్తారు. ఛార్జింగ్ ఉన్నంతసేపూ ఆ ఫోన్, మనిషి ఉన్నా లేకపోయినా, మోగుతూనే ఉంటుంది. పక్క మెట్ల ఆవిడ జీపు వచ్చి వెళ్ళాక కూడా భర్త నంబరుకి చేసింది. మోగుతోంది దీదీ, ఇంకా మోగుతోంది అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళయిన నెలకల్లా ఇదీ ఒక క్వార్టర్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు దీని దగ్గర ఆ ఒక్క ధైర్యమైనా ఉండాలి. నేనెలా లాక్కోను?

"సరే, అదే పెట్టుకో" అన్నాను.

"పక్కా?"

"పక్కా. ఆ మంట కాస్త తగ్గించు, కూర మాడుతోంది."

ఆ తర్వాత ప్రాక్టీసు మొదలైతే చాలు, నేను సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళిపోయేదాన్ని. సంగీత్ రోజు హాలులో దీపాలు తగ్గించారు. నేనూ మా ఆయనా ముందు వరసలో నిలబడ్డాం. వేణువు మొదలైంది. ఇద్దరూ చక్కగా అడుగులు వేస్తున్నారు, చుట్టూ చప్పట్లు. నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని ఆ ముక్క కోసం చూస్తున్నాను. వచ్చింది. ఇప్పుడు తెగాలి, ఇప్పుడు తెగాలి అని లోపల అనుకుంటూనే ఉన్నాను. తెగలేదు. ఇప్పుడు ఆ ఫోన్ మర్యాదస్తురాలు మాట్లాడుతుంది అనుకున్నాను. ఆవిడా రాలేదు. నేనెప్పుడూ వినని చరణం మొదలైంది. ఎప్పుడు పట్టుకున్నానో, మా ఆయన చొక్కా చెయ్యి నా గుప్పిట్లో ఉంది.

ఆయన నా వైపు వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టి, "ఆఁ, చెప్పు" అన్నారు.

"ఏం లేదు, ఊరికే చేశాను" అన్నాను.

"ఏం చేశావు?" అన్నారాయన అయోమయంగా.

నేను చొక్కా వదల్లేదు. ఎదురుగా నా కూతురు అబ్బాయి భుజానికి తల ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. పాట వస్తూనే ఉంది కదా, దానికి భయం లేదు.