అరువు వయొలిన్లు

ఎనభైల మొదట్లో నాకు సంగీతం వచ్చని బ్రాడీపేటలో ఓ పాతికమంది నమ్మేవారు. అందులో మొదటివాణ్ణి నేనే. పగలు మిర్చి కొట్లో గుమస్తాగిరీ, సాయంత్రం నాటక సమాజంలో సంగీత దర్శకత్వం. ఈ రెండో కొలువుకి నాకున్న అర్హత ఒక రికార్డు ప్లేయరు, ఒక టేప్ రికార్డరు.

పరిషత్తు పోటీలకు నాటిక తయారవుతోందంటే, మైకు సెట్టు కొట్టుకి వెళ్లి పెళ్లిళ్లకు వేసి వేసి అరిగిపోయిన సినిమా రికార్డులు తెచ్చుకునేవాణ్ణి. పాటతో నాకు పనిలేదు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వయొలిన్లు, వేణువు కావాలి. ముల్లు సరిగ్గా అక్కడ దించి, గొంతు మొదలయ్యేలోగా టేపు ఆపేయాలి. అలా ఒక పాటలో దుఃఖం, ఇంకో పాటలో కోపం, మరోదాంట్లో వాన ఏరుకొచ్చి క్యాసెట్లో ఎక్కించి, కరపత్రంలో సంగీతం అన్నచోట నా పేరు వేయించుకునేవాణ్ణి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు నాది. బట్టలనిండా మిర్చి ఘాటే కాబట్టి ఒకసారి విషాద ఘట్టంలో నా తుమ్ము కూడా రికార్డయింది. జడ్జీలు దాన్ని తలుపు చప్పుడనుకున్నారని మా దర్శకుడు చెప్పాడు. ఆయన చర్చి బడిలో మాస్టారు, అబద్ధమాడడని నమ్మాను.

దర్శిలో జరిగిన పోటీలో నా బండారం బయటపడింది. కొడుకు శవం మీద పడి తల్లి ఏడ్చే సీను. తల్లి వేషం వేసినావిడ మాలాంటివాళ్లని ఎందరినో చూసిన నటి. ఆవిడ నోరు తెరవడానికి ముందు నేను వయొలిన్లు వదిలాను. గుండె పిండేసే వయొలిన్లే. కాకపోతే అవి ఒక వానపాట డ్యూయెట్టులోవి. ఆ ఏడు ఆ చుట్టుపక్కల జరిగిన ప్రతి పెళ్లిలోనూ ఆ పాట మోగిందని నాకు తట్టలేదు. వయొలిన్లు అయ్యాయో లేదో టేపు ఆపేశాను, నా పని నేను నిక్కచ్చిగా చేశాను. జనాన్ని ఆపే మీట మాత్రం నా దగ్గర లేదు. వెనకాల ఎవడో పల్లవి అందుకున్నాడు, తక్కినవాళ్లు కలిశారు, ఈలలు పడ్డాయి. శవం పొట్ట ఎగిరెగిరి పడింది. ఆవిడ ఒక్కతే ఏడుపు ఆపకుండా సీను చివరిదాకా లాక్కొచ్చింది.

తెర పడ్డాక నన్ను తిడుతుందని తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ ముఖం రంగు తుడుచుకుంటూ మామూలుగానే అంది.

"ఇరవై ఏళ్లబట్టి స్టేజీ మీద ఏడుస్తన్నా నాయనా. నా ఏడుపుకి ఒక్కడూ నవ్వలేదు. ఇక ఆ సీనుకి నాకు మ్యూజిక్కు వద్దులే."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది.

ఈసారి బాణీ సొంతంగా కడతానని మాస్టారికి మాటిచ్చాను. ఆయన చర్చి హార్మోనియం ఇప్పించి, ప్రతి ఆదివారం ఆరాధన వేళకి తిరిగి తెమ్మన్నాడు. పెట్టె ముందు కూర్చున్నాక తెలిసింది, నాలో ఉన్నది సంగీతం కాదు, రికార్డులని. ఏది వాయించినా ఏదో ఒక సినిమా పాటే. మాస్టారు గడప మీద కూర్చుని ఒక్కొక్కటే పట్టేసేవాడు. సినిమాల్లోంచి తప్పించుకుంటే కీర్తనల్లో దొరికిపోయేవాణ్ణి. హార్మోనియంలో ఎలుక దూరిందేమో చూసుకోమని మా అమ్మ సలహా ఇచ్చింది. పట్టుబడిన స్వరాన్నల్లా తీసేస్తూ పోతే నెల తిరిగేసరికి మూడు స్వరాలు మిగిలాయి. ఒకదాని మీద నిలబడి, కిందికి దిగి, పైకి వెళ్లబోయి ఆగిపోవడం, అంతే. మాస్టారు రెండుసార్లు విని, ఇది ఏ పాటా కాదు కదయ్యా అని పెదవి విరిచాడు. అంత మెప్పు నేనెన్నడూ ఎరగను.

రిహార్సల్లో ఆవిడకీ వినిపించాను. "వాయించుకో నాయనా, నేను మాత్రం దానికోసం ఆగను" అని చెప్పేసింది.

తర్వాతి పోటీ అమరావతిలో. ఆవిడ వచ్చి శవం మీద పడింది. తెర పక్కన నా వేళ్లు చెమటకి హార్మోనియం మెట్ల మీద జారుతున్నాయి. మొదటి స్వరం పట్టాను. మాట కోసం తెరిచిన నోరు ఆవిడ మూసేసింది. నేను కిందికి దిగాను. ఆవిడ కొడుకు ముఖం చూస్తూ ఊరుకుంది. నేను పైకి వెళ్లబోయి ఆగాను. ఇప్పుడు ఈల పడుతుందని నా చెవులు వెనక బెంచీల మీదే ఉన్నాయి. ఎవరూ అందుకోలేదు. అందుకోవడానికి ఆ బాణీ ఎవరికీ రాదు. అప్పుడు ఆవిడ ఏడ్చింది. జనంలో ముక్కులు చీదిన చప్పుడు విని నాకూ ఏడుపొచ్చి, తిత్తి మీద చెయ్యి పడి, హార్మోనియం కుయ్యిమంది. అదీ దుఃఖంలో కలిసిపోయింది.

మాకు బహుమతి రాలేదు. బస్సు దగ్గర నేను హార్మోనియం చంకన పెట్టుకుని ఆవిడ ఏమంటుందోనని నిలబడ్డాను. ఆవిడ మెట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

"ఈసారి ఇంకాస్త నిదానంగా వాయించు నాయనా. నేను ఆగుతాగా."