తాబేలు కడుపు, పెరుగన్నం ఘనత

తాబేలును బతికించింది నేను. పేరు దక్కింది పెరుగన్నానికి.

ఈ మాట ఎత్తినప్పుడల్లా మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. నాకు మాత్రం ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అవి రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే దుకాణంలో పనికి పోతూ, సైదాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ని. ఆమెది పాల వ్యాపారం. పెరట్లో బర్రెలు, వాకిట్లో తాబేలు. ఎప్పుడో గడ్డిమోపులో దొరికిందది. విష్ణుమూర్తే నడిచి వచ్చాడని అత్త నమ్మకం. పొద్దున పిండిన పాలు ముందు దానికో చుక్క పోసి, అది మూతి తడుపుకున్నాకే అమ్మేది. చూసి చూసి కొనేవాళ్లకూ గురి కుదిరింది. తాబేలు ముట్టిన పాలంటే కల్తీ లేని పాలని లెక్క.

యుద్ధం వచ్చాక అన్నింట్లోనూ కల్తీయే. పాలంటే జనానికి అనుమానం. తన నిజాయితీ చాటుకోవడానికి అత్త చుక్కకు బదులు గిన్నెడు పెట్టింది. తర్వాత పాలలో నానబెట్టిన రొట్టె, ఆపైన పరమాన్నం. నిజాయితీ పెరిగిన కొద్దీ తాబేలు కడుపు చెడింది. చలికాలం వచ్చేసరికి తెల్లగా నీళ్ల విరేచనాలు, పుల్లటి కంపు. మెడ లోపలికి లాక్కుని కళ్లు తెరవడం మానేసింది.

బార్కస్ నుంచి పాలకు వచ్చే ఓ పెద్దాయన వంగి చూసి, "క్యా అమ్మా, కచ్వే కోచ్ నై పచా, హమారే బచ్చోఁ కో క్యా పచ్తా?" అన్నాడు. తాబేలుకే అరగని పాలు తన పిల్లలకేం అరుగుతాయని ఆయన సందేహం. నవ్వుతూనే అన్నాడు. అత్త మాత్రం ఆ మధ్యాహ్నమే హకీమును పిలిపించింది.

హకీము గారు నాడి చూడబోయారు. ఏ కాలు పట్టుకోబోతే ఆ కాలు లోపలికి పోయింది. చివరకు డిప్ప మీదే వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, "ఠండీ తబియత్", అంటే ఒంట్లో చలువ చేసిందని తేల్చి చూర్ణం ఇచ్చారు. దేంట్లో కలపాలట? గోరువెచ్చని పాలలో!

నేను గొంతుక్కూర్చుని దాని మలాన్ని పుల్లతో కదిపి చూశాను. వానాకాలంలో వాకిట గరిక మేసినప్పుడు గట్టిగా, పీచు పీచుగా ఉండేది. నేను పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నవాణ్ని. ఇది తెలుసుకోవడానికి ఆ కాగితాలూ అక్కర్లేకపోయాయి.

"ఏందిరా అల్లుడా, దాంట్ల బంగారం దేవులాడుతున్నవా?" అంది అత్త.

"పాలే పడుతలేవత్తా. పాలు బంద్ చెయ్యి."

ఆమె గభాల్న వీధి తలుపు మూసింది. "మెల్లగ మాట్లాడురా! గల్లీల ఇంటే బర్రెల్ని అమ్ముకోవాల్నా?"

ఆమె మాట వినకుండా తాబేలును నా గదికి తీసుకుపోయాను. పొద్దున్నే వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు గడ్డం మునగనంత పోసి అందులో కూర్చోబెట్టేవాణ్ని. అది మెల్లగా ఆ నీళ్లే తాగేది. తర్వాత తుడిచి ఎండలో పెట్టేవాణ్ని. కళ్లు తెరిచాక గరిక, ఎండుగడ్డి. పాలు, అన్నం, తీపి, అన్నీ బంద్. అత్త నన్ను లోపల "దేవున్ని పస్తులుంచిన పాపి" అని తిట్టేది. బయట పాలకు వచ్చేవాళ్లకు "స్వామి ఒక్కపొద్దున్నడు" అని చెప్పేది.

ఒక పొద్దున పీచు పీచుగా, గట్టిగా, నాకు కావలసినదే కనబడింది. సంతోషం పట్టలేక అత్తను కేకేసి చూపించాను. ఆమె చూసింది. తాబేలును ఎత్తుకుపోయి వాకిట్లో దింపి, ముందు పెరుగన్నం గిన్నె పెట్టింది.

"మా పెరుగన్నం తిన్నడు, లేచి కూసున్నడు!" అని బార్కస్ పెద్దాయనకు చెప్పింది. తాబేలు ఆ గిన్నె వైపు కూడా చూడలేదు. నేరుగా గరికలోకి నడిచింది. అది ఎవరి కంటా పడలేదు. హకీము గారు తన చూర్ణం మహిమ కూడా ఉందన్నారు. గల్లీలో ఎవరికి కడుపు నొచ్చినా మా ఇంటి పెరుగుకే పరుగు. నా ఊసు ఎత్తినవాడు లేడు.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత అత్త దానికి పాల చుక్క పెట్టలేదు. పెరుగన్నం గిన్నె మాత్రం రోజూ వాకిట్లో కనబడేది. కొనేవాళ్లు వెళ్లగానే లోపలికి పోయేది.

ఏళ్ల తరబడి అడిగాను. ప్రతిసారీ మాట దాటేసేది. చివరకు బర్రెలన్నీ అమ్మేసి, వాకిట్లో తాబేలొక్కటే మిగిలిన రోజుల్లో మళ్లీ అడిగాను: "ఇప్పుడన్న చెప్పత్తా, దాన్ని బాగుచేసిందెవరు?"

ఆమె గరికలో మేస్తున్న దాని వైపు చూసి అంది: "నువ్వే. నాకెర్క లేదనుకున్నవా? అయితే ఏందిరా అల్లుడా, మనం అమ్మింది పెరుగా, గరికనా?"