ప్లానులో కొబ్బరిచెట్లు

ఎనభైల మొదట్లో అమలాపురంలో ఇళ్ల ప్లానులు గీసి బతికేవాణ్ణి. మా వైపు కాపుకొచ్చిన కొబ్బరిచెట్టును ఇంటికోసం కొట్టడానికి ఎవరికీ చేతులు రావు. అందుకని ప్లానులో ముందు చెట్లు గుర్తుపెట్టుకుని, మిగిలిన జాగాలో ఇల్లు ఇరికించాలి. చెట్టుకో చిన్న సున్నా చుడితే సరిపోయేది. నాకు సరిపోలేదు. మట్టకు మట్ట, ఆకుకు ఆకు గీసేవాణ్ణి. పైనుంచి చూస్తే గెలలు కనపడవని తెలిసి కూడా కాయలు వేసేవాణ్ణి.

ఒకసారి కొత్తపేట రైతుగారి ప్లాను ప్రింటు తీయిస్తే, కాగితమంతా మసి పూసినట్టు వచ్చింది. ప్రింటులో గీతలు తేలడానికి పోసే అమ్మోనియా పాతదని ప్రింటు తీసే అతని మీద విరుచుకుపడ్డాను. అతను కొత్తది పోశాడు. అదే మసి. సిరా చిక్కబడిందేమోనని పెన్ను కడిగాను. చివరికి తప్పు ట్రేసింగు కాగితానిదని తేల్చి, కొత్తది కొని, వారం కూర్చుని మొత్తం మళ్లీ గీశాను. ఖాళీగా కనిపించిన చోట పోకచెట్లు కూడా చేర్చాను. ఈసారి ప్రింటు ఇంకా నల్లగా వచ్చింది.

గడువు దాటిపోవడంతో దాన్నే తీసుకెళ్లి రైతుగారి అరుగు మీద పరిచాను. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"చెట్లు ఎంత బాగా వేసేరండి," అన్నారు.

నా ఛాతీ ఉబ్బింది. "ఆయ్," అన్నాను.

"తోట మాకు ఉందండి. ఇందులో ఇల్లు కూడా గీసేరాండి?"

"ఆయ్," అని చూపించడానికి నేనూ వంగాను. ఇద్దరం కలిసి వెతికాం.