డెబ్బై రేకులకు బొట్లు

గాలిని కూడా కడగాలని ఎవరైనా అంటే నవ్విపోయే కాలంలో పెరిగినవాళ్లం మేము. పొగ వస్తే కిటికీ తెరవడం, దుమ్ము లేస్తే ముక్కుకు రుమాలు కట్టుకోవడం, అంతటితో మా శాస్త్రం సమాప్తం. ఇప్పుడు మా వీధిలో గాలి శుభ్రం చేసే డబ్బా లేని ఇల్లు తక్కువ. వాటిని బాగుచేయడానికి వచ్చేవాళ్లు నన్ను పక్కకు జరగమంటారు, "తాతా, ఇది నీకు సమజ్ కాదు" అని. నాకు సమజ్ కాదట. వాళ్ల నాన్నలు చెడ్డీలు వేసుకునే నాటికే ఆ జాతి పెట్టెను విప్పి కడిగినవాణ్ని నేను. కడిగాక ఏం చేశానన్నది వేరే సంగతి.

హనుమకొండలో ఒక క్లబ్బు ఉండేది. పదో తరగతి తప్పిన నేను ఇరవై ఏళ్ల వయసులో అక్కడి ఎలక్ట్రీషియన్ కింద టెంపరరీగా చేరాను. ఆయన్ను అందరూ కరెంటు చిచ్చా అనేవారు, నేనూ అంతే. పేకాట గదిలో సిగరెట్ పొగకు ఎదుటివాడి ముఖం కనిపించడం లేదని (అది కొందరికి లాభమే అనుకోండి) సభ్యులు సీలింగుకు ఒక పెట్టె వేలాడదీయించారు. లోపల సన్నని తీగలు, వాటి వెనుక దగ్గర దగ్గరగా డెబ్బై అల్యూమినియం రేకులు. వేల వోల్టుల కరెంటుతో తీగలు పొగకు ఏదో అంటిస్తాయి, రేకులు ఆ పొగను లాక్కుంటాయి. ఏమి అంటిస్తాయో నాకు అంతుపట్టక చిచ్చాను అడిగితే, "దువ్వెన తలకు రాకి కాయితం ముక్కల మీద పెడ్తె ఎట్ల గుంజుతది? గట్ల" అన్నాడు. నేను నిజంగానే దువ్వెన పట్టుకుని ఒక పూట కూర్చున్నాను. కాగితం లేచింది గానీ నా అయోమయం కదల్లేదు.

దసరా దగ్గరపడే సమయానికి పెట్టె మొరాయించింది. బాగుచేసే కంపెనీ మనిషి రావడం మానేశాడు. పండుగ రోజు మూడింటికి క్లబ్బు ప్రెసిడెంటు గారు అతిథులతో వస్తున్నారు. మేనేజర్ సారు నన్ను పిలిచి, "అది మంచిగ నడిస్తె నిన్ను పర్మనెంట్ చెయ్యమని రాస్త. నడవకపోతె పండుగ ఎల్లినంక ఇటు రాకు" అన్నాడు. పెట్టెతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. చదివినకొద్దీ తెలిసింది తగ్గుతూ వచ్చింది.

పుస్తకం చెప్పనిది చిచ్చా చెప్పాడు. "మెయిన్ బంద్ చెయ్యి బేటా. బంద్ చేసినంక కూడ దాన్ని నమ్మకు, కరెంటు లోపల కూసుంటది. వంద లెక్కపెట్టు. తర్వాత ఈ రబ్బరు పిడి స్క్రూడ్రైవరు ఆనిచ్చి కూసున్నదాన్ని ఎల్లగొట్టు. గప్పుడు ముట్టు." పండుగ ముందు రోజు అలాగే చేశాను. చిట్‌మని చిన్న నిప్పురవ్వ వచ్చింది, నా ప్రాణమూ దానితో కొంచెం వెళ్లింది. రేకులు వంగకుండా, తీగ తెగకుండా వేడి సబ్బునీళ్లలో నానబెడితే చాయ్ డికాషన్ లాంటి నీళ్లు దిగాయి. డాబా మీద ఎండలో చుక్క తడి లేకుండా ఆరబెట్టాను. ఇంతవరకు ఏ ఇంజనీరైనా నా పనికి వంక పెట్టలేడు.

మరునాడు పొద్దున ఆయుధ పూజ. మేనేజర్ సారు పసుపు, కుంకుమల పళ్లెం తెచ్చి, "అన్నిటికీ పెట్టు, ఒక్కటి సుత మిగలొద్దు" అన్నాడు. టైపు మిషనుకు, ఫ్యాన్లకు, చిచ్చా పటకారుకు పెట్టాను. పెట్టె దగ్గరికి వచ్చేసరికి రెండు దాటింది, ఒక ఆలోచన కూడా వచ్చింది. పనిచేసేది లోపలి రేకులైతే బయటి డబ్బాకు బొట్టు పెట్టి ఏం లాభం? నీళ్లలో కలిపిన పసుపును డెబ్బై రేకుల అంచులకూ అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, ఎంతో భక్తితో బిగించాను.

మూడింటికి ప్రెసిడెంటు గారు, అతిథులు కూర్చున్నారు. స్విచ్ వేశాను. పేలాలు వేయిస్తున్నట్టు చటపట మొదలైంది, నీలం మెరుపులు, మాడిన పసుపు వాసన. ఒక అతిథి పేక ముక్కలు వదలకుండానే బల్ల కిందికి వెళ్లాడు. మెయిన్ తీసేశాను. తడి మిగిలిందా, గాలి ఎటు పోవాలో చూపే బాణం గుర్తు తిరగబడేలా బిగించానా, తీగ తెగిందా, ఏమీ తోచలేదు. మేనేజర్ సారు, "ఏం జూస్తున్నవ్‌ర, ఇప్పు జల్ది" అని అరిచాడు. నేను లెక్కపెడుతున్నాను. నలభై దగ్గర మళ్లీ అరిచాడు, లెక్క తప్పింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. "ప్రెసిడెంటు సారు కూసున్నడు, నువ్వు ఎక్కాలు సదువుతున్నవా?" అన్నాడు. వంద అయ్యాకే స్క్రూడ్రైవరు ఆనించి విప్పాను.

చిచ్చా లోపలికి తొంగిచూశాడు. తర్వాత నా చెవిలో, "పెండ్లిపిల్ల లెక్క జేసినవ్ గదరా. తడి పసుపు రేకుకు రేకుకు నడుమ కరెంటుకు తొవ్వ ఏసింది. కడుగు" అన్నాడు. బొట్టు తుడిస్తే అపచారమేమోనని గుంజాటన పడ్డాను. "నువ్వే పెట్టినవ్, నువ్వే కడుగు. దేవుడు కరెంటు పని తెలిసినోడే" అన్నాడు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించేసరికి అతిథులు జమ్మికి వెళ్లిపోయారు. ఖాళీ గదిలో పెట్టె చక్కగా నడిచింది. ఆ పుస్తకంలో రేకులకు బొట్టు పెట్టరాదని ఒక్క ముక్క రాయని మహానుభావుణ్ని ఇప్పటికీ క్షమించలేదు.

మూడో రోజు మేనేజర్ సారు మాట లేకుండా ఒక కవరు చేతిలో పెట్టాడు. అందులో ఏముందో నాకు తెలుసు. విప్పకుండా జేబులో పెట్టుకుని, ధర్మసాగర్ చెరువు గట్టు మీద రెండు రోజులు తిరిగాను. రెండో రోజు సాయంత్రం చిచ్చా సైకిలు మీద మా ఇంటికి వచ్చి, "పర్మనెంట్ అయినోడివి డ్యూటీకి రాకుంటె ఎట్ల?" అన్నాడు. "ఎవరు పర్మనెంటు?" అన్నాను. "మేనేజరు అరుస్తాంటె సుత వంద లెక్కపెట్టినంకనే ముట్టిండు, కరెంటు పనికి గిసొంటోడే గావాలె అన్నడట ప్రెసిడెంటు సారు" అని, నా జేబులోని కవరు తానే చించాడు.

ఆ తర్వాత అక్కడే ముసలివాణ్నయ్యాను. జ్వరం వచ్చినా డ్యూటీ మానలేదని నాకు పేరు. అయినా నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఉద్యోగం వచ్చిన మొదటి రెండు రోజులూ, పోయిన ఉద్యోగం కోసం ఏడుస్తూ గైర్హాజరైన ఆ పిచ్చివాడు అందులో ఎర్ర సిరాతో ఉన్నాడు.