రెండు ఫోటోల్లో ఒకే చొక్కా

ఈ రోజు నాచారంలో ఐసెట్ రాసి వచ్చాను. ఎంబీఏ చేద్దామని నేనూ, నా రూమ్మేట్ నరేందరూ ఉప్పల్‌లోని నెట్ సెంటర్లో ఒకరి వెనుక ఒకరం దరఖాస్తు చేశాం, హాల్ టికెట్ నంబర్లు పక్కపక్కనే పడతాయని. పడ్డాయి. కానీ మూడు వారాల కిందట బోడుప్పల్ దగ్గర లారీ గుద్ది నరేందర్ చనిపోయాడు.

పరీక్షకు ముందు సంతకాల కాగితం తెచ్చిన ఇన్విజిలేటర్ దాని మీద పక్కపక్కనే ఉన్న మా ఫోటోలు చూసి ఆగారు. ఇద్దరి ఒంటి మీదా ఒకటే నీలం గళ్ల చొక్కా. ఫోటోలు దిగిన రోజు రూంలో ఇస్త్రీ చేసి ఉన్నది అదొక్కటే. స్టూడియోలో మార్చుకుని దిగాం.

“ఏంది, అన్నదమ్ములా?” అన్నారు.

“కాదు సార్, ఒకటే రూం.”

“మరి గాయన ఏడున్నడు? పది నిమిషాలల్ల గేటు బంద్ జేస్తరు.”

“వస్తడు సార్,” అన్నాను.

పాపం, ఆయన ఆబ్సెంట్ వేయడానికి తీసిన ఎర్ర పెన్నుకు మూత పెట్టి, నరేందర్ గడి ఖాళీగా వదిలేశారు.

ర్యాంకు ఎంతొస్తుందని మాత్రం అడగొద్దు. మీరైతే ఆయనకు ఏం చెప్పేవారో రాయండి. నేను అబద్ధమాడి, దాన్ని నేనే నమ్మి, గంట కొట్టేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.